ఇస్తున్నాను అన్న గొంతు

నీరొచ్చిన యాభై మూడో ఏడు, పాచికోతల నెల

సోమవారం

మోతగదిలో డ్యూటీ చేసేవాళ్ళు రోజుకో పేజీ రాయాలని పెద్దల నియమం. నొప్పి ఎవరిది, మోసింది ఎవరు, అంతవరకు రాస్తే చాలంటారు. నాకు పొట్టిగా రాయడం చేతకాదు. దీవెనమ్మ నోరు తెరిస్తే మూతపడదని జంటమెట్టలో రెండు మెట్టలకూ తెలుసు. ఇక చెయ్యి మాత్రం ఎందుకు ఊరుకుంటుంది?

పొద్దున్నే మోసేవాళ్ళ చేతులకు కట్టే పట్టీలు వేపనీళ్ళలో ఉడకబెట్టి ఆరేశాను. మోతపెట్టె మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. ఒక్కరోజు తుడవకపోతే ఈ ఉప్పుగాలికి దాని చెవులు మూసుకుపోతాయి, మనిషి గొంతు గుర్తుపట్టదు. ఈ లోపల పడవ తాడు తెగి మోకాలు చితికిన ఒకతన్ని మోసుకొచ్చారు. ఎముక సరిచేసి కట్టాలి. మత్తుమందు తెచ్చే ఓడలు ఆగిపోయాక పుట్టిన పిల్లలకు మత్తుమందంటే ఏమిటో కూడా తెలియదు, మనకు ఉన్నదల్లా ఒకరి నొప్పి ఒకరు తీసుకునే మోతే.

బయట మోసేవాళ్ళ బల్ల మీద చూస్తే ఖేమ ఒక్కతే కూర్చుని ఉంది. ఒకప్పుడు ఆ బల్ల మీద చోటు దొరికేది కాదు. ఇప్పుడు ఒకడికి నడుము పట్టేసింది, ఇంకొకామెకు చుట్టాలొచ్చారు. ఖేమ మాత్రం చీకటితో పాచి మళ్ళలో దిగి, కోత ముగించుకుని, తడికాళ్ళతోనే ఇక్కడికి వస్తుంది. మెత్తనివాళ్ళను చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా?

పద్ధతి ప్రకారం ఖేమ పెట్టె ముందు కూర్చుంది. అతని కళ్ళలోకి చూసి, "ఇస్తున్నాను" అంది. "పుచ్చుకుంటున్నాను" అన్నాడతను. ఖేమ గొంతు గుర్తుపట్టి పెట్టె కదిలింది. చితికిన మోకాలు అతని దగ్గరే ఉంటుంది, నొప్పి మాత్రం ఖేమ చెవి వెనక కుట్టిన పూసలోకి దిగుతుంది. ఇక తట్టుకోలేననుకుంటే "చాలు" అనాలి, పెట్టె ఆగిపోతుంది. ఖేమ ఆ మాట అనడం నేను చాలా అరుదుగా విన్నాను. పళ్ళు బిగించి, కట్టు కట్టడం అయ్యేదాకా మోసింది.

ఒకరి భారం ఒకరు మోయాలని మా మెట్ట మీది చర్చిలో పాస్టరు యెషయా గారు చెబుతారు. ఎదుటివాడి దుఃఖం తగ్గించడమే దారి అని అవతలి మెట్ట చైత్యం దగ్గర బౌద్ధ భిక్షువు ఆనందబోధి భంతే చెబుతారు. అన్నిటికీ కీచులాడుకునే రెండు మెట్టలకు కుదిరిన మాట ఇదొక్కటే. అందుకే మోతగదిని రెంటి మధ్య పల్లంలో కట్టారు. మూడు నెలల కిందటి పండగలో ఇద్దరు పెద్దలూ ఖేమను మధ్యలో నిలబెట్టి పొగిడారు. ఆ పిల్ల సిగ్గుపడి, "ఎప్పుడు కావాలన్నా నన్ను వాడుకోండి, అడగనక్కర్లేదు" అంది. ఊరంతా చప్పట్లు. నేనైతే ఏడ్చాను కూడా, ఆ పిల్లకు మోత పద్ధతి నేర్పింది నేనే గనక.

నేను పట్టీ విప్పుతుంటే ఖేమ నెమ్మదిగా అడిగింది.

"అక్కా, మోత అయిపోయినాక కూడా నొప్పి మిగులుద్దా?"

"మిగలదు. ఏం?"

"మధ్యాహ్నం పడుకుంటే ఎముకల్లో ఏదో తోడేస్తన్నట్టు ఉంటంది. లేచి కూర్చున్నా పోదు."

"పొద్దస్తమానం నీళ్ళలో నానితే ఎముకలు లాగక ఏం చేస్తాయే? మిరియాల కషాయం తాగు, పో" అన్నాను.

వెనక గదిలో రాహేలమ్మ మంచం. చర్చిలో పాటలు పాడించే సీమోను వాళ్ళమ్మ. ఎముకల్లో పుండు. పొద్దుటిపూట ఎవరో ఒకరు మోస్తారు, మధ్యాహ్నాలకు ఎవరూ దొరకరు. అయినా ఈమధ్య ఆమె మధ్యాహ్నం హాయిగా నిద్రపోతోంది. ప్రార్థన ఫలించిందని నేనే నలుగురికీ చెప్పాను.

బుధవారం

పొద్దున ఖేమ రెండు చీరలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఒకటి ఆమె పెళ్ళికని నేయించుకున్నది.

"ఇదేందే? పెళ్ళి పెట్టుకుని చీర పంచుతావా?"

"పెళ్ళి లేదక్కా. వరదయ్యకు చెప్పేశాను, వేరే పిల్లను చూసుకోమని."

వరదయ్య ఈ పిల్ల కోసం రెండేళ్ళుగా ఇల్లు కట్టుకుంటున్నాడు, వెదురూ రేకూ ఎక్కడ దొరికితే అక్కడినుంచి ఈడ్చుకొచ్చి.

"నాకు రాహేలమ్మ జబ్బే వచ్చిందక్కా" అంది. "ఆమె నొప్పి నేను చాలాసార్లు మోశాను గదా, నాకు తెలుసు. అదే నొప్పి. అచ్చం అదే. రోజూ మధ్యాహ్నం వస్తంది. నేనింక ఎక్కువ రోజులుండను."

ఇరవై ఆరేళ్ళ పిల్ల. చావు సంగతి వానొస్తుందన్నంత మామూలుగా చెప్పింది. చేతులూ కాళ్ళూ వెన్నూ తడిమి చూశాను. ఎక్కడా వాపు లేదు, గడ్డ లేదు. జ్వరం కూడా లేదు. నాకేమీ అంతుపట్టలేదు.

అదే రోజు, మధ్యాహ్నం తర్వాత

జరిగింది జరిగినట్టు రాస్తాను.

భోజనానికి ఇంటికి వెళ్ళి, వక్కాకు సంచి మర్చిపోయానని దారిలోంచి వెనక్కి వచ్చాను. గది తలుపు దగ్గరకేసి ఉంది. లోపలినుంచి ఖేమ గొంతు వినిపించింది. "ఇస్తున్నాను." ఒంట్లో బాగాలేదని ఇంటికి పోయిన పిల్ల మళ్ళీ వచ్చిందా అని కోపంగా తలుపు తోశాను.

ఖేమ లేదు. మోసేవాళ్ళ కుర్చీ ఖాళీ. పెట్టె ముందు సీమోను వంగి ఉన్నాడు, చేతిలో చర్చి పాటలడబ్బా. పెట్టె మీద మోత నడుస్తున్నట్టు పచ్చదీపం వెలుగుతోంది. వెనక మంచం మీద రాహేలమ్మ అప్పుడే నిద్రలోకి జారుతోంది.

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక తలుపు పట్టుకుని నిలబడ్డాను. పాటలడబ్బాలో ఖేమ గొంతు పట్టుకుని పెట్టెకు వినిపిస్తున్నాడు! రెండు మెట్టల మీద మనిషి ఎక్కడున్నా పూస పెట్టెకు అందుతుంది. అయినా మోసేమనిషి గదిలోనే కూర్చోవాలని కట్టుబాటు ఎందుకు పెట్టుకున్నాం? "చాలు" అంటే పెట్టెకు వినబడాలని. ఇంట్లో చాప మీద పడుకున్న పిల్ల వెయ్యిసార్లు చాలు అన్నా ఎవరికి వినబడుతుంది?

"ఎన్నాళ్ళనుంచిరా?" అన్నాను.

తేలు కుట్టిన దొంగలా చూశాడు. "మూడు నెలలు."

"మూడు నెలలా! ఓరి నీ అఘాయిత్యం కూలా! ఆ పిల్ల చచ్చిపోతున్నానని చీరలు పంచుకుంటందిరా!"

"ఆమే అన్నది గదక్కా, అడగనక్కర్లేదని? పండగ రోజు అందరి ముందూ అన్నది. అదీ ఇందులో ఉంది, వినిపించనా? మా అమ్మ అరుపులు నువ్వు భోజనానికి పోతే వినబడవు. నేను రోజూ విన్నాను." పాటలడబ్బా నా ముందుకు చాచాడు. "దొంగతనంగా ఏం చెయ్యలా. పాస్టరుగారికి చెప్పాను, భంతేకీ చెప్పాను. మోసేమనిషే అడగనక్కర్లేదన్నప్పుడు మంచిదేగా అన్నారు ఇద్దరూ."

సీమోను కన్నతల్లి కోసం గడ్డి కరిచాడు, సరే. ఆ ఇద్దరూ? అడగందే అమ్మైనా పెట్టదంటారు, వీళ్ళు అడక్కుండానే ఒక పిల్ల ఒళ్ళు తవ్వుకుని తీసుకున్నారు. పైగా అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మంచిదే అన్నారట!

పెట్టె ఆపడానికి చెయ్యి చాచాను. సీమోను ఆ చెయ్యి పట్టుకోలేదు. "అమ్మను చూసి ఆపు" అన్నాడంతే. చూశాను. రెండు నిమిషాలు నిలబడిపోయాను, ఆ మాట దాచను. తర్వాత ఆపాను.

రాహేలమ్మ కళ్ళు తెరవకముందే అరిచింది.

నేను పరుగెత్తాను. ఖేమ పాకలో చాప మీద ముడుచుకుని, పమిటకొంగు నోట్లో కుక్కుకుని ఉంది. నన్ను చూసి కొంగు తీసి, "ఈ పొద్దు తొందరగా పోయిందక్కా" అంది. పక్కన కూర్చుని జరిగింది చెప్పాను. చెబుతుంటే నాకు ఏడుపు, ఆ పిల్లేమో నవ్వింది.

"అయితే నాకు జబ్బు లేదా? నేను చావనా?"

"చావవే. నీకేం కాలేదు."

కాసేపు నవ్వుతూనే ఉంది. తర్వాత మొహం మారిపోయింది. చెవి వెనక పూస మీద చెయ్యి వేసి, గోళ్ళతో గీరడం మొదలుపెట్టింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

గురువారం

గర్భిణి ఒకామెకు నొప్పులు మొదలయ్యాయని ఖేమకు కబురు పంపారు, ఎప్పటిలాగే. ఖేమ "వద్దు, నేను రాను" అని చెప్పి పంపింది.

మధ్యాహ్నానికి రెండు మెట్టల్లో అదే మాట. ఖేమ వద్దందట! చేపలు ఎండబెట్టేవాళ్ళు పని ఆపి మరీ నోరు నొక్కుకున్నారు. పాటలడబ్బా సంగతి కూడా ఆపాటికి అందరికీ తెలుసు. దానికి అయ్యో అన్నారు. ఈ పిల్ల వద్దన్నదానికి మాత్రం పిడుగు పడ్డట్టు చూశారు. ఊరు నన్ను ఇంత నివ్వెరపరచడం ఎప్పుడూ లేదు. గర్భిణికి ఆఖరికి ఆమె అత్తగారే మోసింది. మోశాక చాలాసేపు గోడకు చేరగిలబడి, "ఇదా!" అంటూ ఉండిపోయింది.

పెద్దలు శనివారం కూటం పిలిచారు. ఖేమకు మోత మానే అనుమతి ఉందా లేదా అన్నది విషయమట. సీమోను చేసింది విషయం కాదట. వినగానే ఒళ్ళు మండింది.

శనివారం

కూటం మోతగది ముందు పల్లంలోనే జరిగింది. రాహేలమ్మ తననూ తీసుకుపొమ్మని పట్టుబడితే మంచంతో సహా బయట పెట్టాం. పొద్దున ఇద్దరు ముసలివాళ్ళు వంతులేసుకుని ఆమె నొప్పి మోయడంతో కాస్త తెప్పరిల్లింది.

కూటం ఒకసారి పాస్టరుగారి ప్రార్థనతో, ఒకసారి భంతే పంచశీలాలతో మొదలవుతుంది. ఈసారి భంతే వంతు. ఆయన ఒక్కొక్కటి పలుకుతారు, అందరం తిరిగి అంటాం, ఏ మెట్టవాళ్ళమైనా సరే. ప్రాణం తియ్యను అన్నారు. అన్నాం. ఇవ్వనిదాన్ని తీసుకోను అన్నారు. అన్నాం, పాటలు పాడించే గొంతు గదా, సీమోనుది అందరికంటే పైకి వినిపించింది.

మూడోది రాలేదు.

భంతే నోరు తెరిచే ఉంది. డెబ్బై దాటిన మనిషి, మతి తప్పిందేమోనని ముందు వరసవాళ్ళు లేవబోయారు. ఆయన చెయ్యి అడ్డుపెట్టారు.

"సీమోను వచ్చి అడిగితే మంచిదేగా అన్నాను" అన్నారు. "యాభై ఏళ్ళుగా రోజూ ఈ మాట పలుకుతున్నాను. ఆ రోజు పొద్దున కూడా పలికాను. పలికిన నోటితోనే మంచిదేగా అన్నాను."

సీమోను లేచాడు. "ఆమె ఇచ్చింది భంతే. పండగ రోజు ఇచ్చింది."

"ఆ రోజు ఇచ్చింది. అన్నీ మారిపోతాయని మీకు చెప్పీ చెప్పీ నా పళ్ళూడాయి. ఆ పిల్ల మాట ఒక్కటే మారకూడదని ఎట్టా అనుకున్నానో నాకే తెలియడంలేదు."

వెనకనుంచి ఎవరో తెలివిగా అన్నారు, "మీరేగా నేను అనేదే లేదంటారు? నేనే లేనప్పుడు నా ఒళ్ళు, నా హక్కు అనేది ఎక్కడినుంచి వస్తది?"

భంతే అటు తిరిగారు. "'నేను' అనేది లేదన్నది ఎవరికి వాళ్ళు చెప్పుకునే మాట నాయనా. అవతలివాడికి చెప్పి వాడిది లాక్కునే మాట కాదు."

పాస్టరు యెషయా గారు లేచారు. ఆయన మంచివాడే, కానీ ఓడిపోవడం రాదు. యేసయ్య అందరి నొప్పీ మోశాడనీ, ఆయన్ని నమ్మినవాళ్ళు సిలువ ఎత్తుకోవాలేగాని దించకూడదనీ, వద్దు అనే మాట స్వార్థంలోంచి పుడుతుందనీ చెప్పారు. నాకు ఆగలేదు.

"అయ్యగారూ, నీళ్ళ వంతుకు హక్కుంది, కూటి వంతుకు హక్కుంది. ఎవరన్నా ముట్టుకుంటే కర్రలు తీస్తాం. నా ఒంట్లోకి నొప్పి పంపేముందు ఒక్క మాట అడగమనే హక్కు లేదా? మనిషిని దేవుడు తన పోలికలో చేశాడని మీరేగా చెప్పేది? ఆ పోలిక ఈ పిల్లకు రాలేదా?"

"దీవెనమ్మా, కూర్చో" అన్నారాయన.

"ఆమెను కూర్చోబెట్టేది తర్వాతయ్యా" అని మంచం మీదనుంచి వినిపించింది. రాహేలమ్మ. గొంతు పీలగా ఉన్నా అందరూ ఆగిపోయారు. "పట్టుబడేముందు తోటలో యేసయ్య ఏమన్నాడయ్యా? నావల్ల కాదు, ఈ గిన్నె తీసెయ్యమని అన్నాడా లేదా? చెమట నెత్తురై కారిందాకా అడిగాడు. వద్దనటం పాపమైతే ముందు ఆయనే చేసినట్టు. ఆ తర్వాత తానే ఒప్పుకున్నాడు. ఎవరూ ఆయన గొంతు డబ్బాలో పట్టి ఒప్పించలేదు."

పాస్టరుగారు మెల్లగా కూర్చుని చేతుల్లో మొహం పెట్టుకున్నారు.

రాహేలమ్మ ఖేమను దగ్గరికి రమ్మంది. "నాకు తెలియదమ్మా. దేవుడిచ్చిన నిద్రనుకున్నా. మూడు నెలలు నీ ఉసురు పోసుకుని పడుకున్నాను." తర్వాత కొడుకు వైపు తిరిగి, "నాకు దొంగసొత్తు తినిపించావు గదరా సీమోనూ" అంది. తిట్టినట్టు లేదు. సీమోను అంతకుముందు ఎవరేమన్నా తలెత్తుకునే ఉన్నాడు, ఆ మాటకు తల దించాడు.

ఖేమ ఆమె చెయ్యి పట్టుకుంది. అందరం ఎదురుచూశాం. నిజం రాయాలంటే, సరే మోస్తానులే అంటుందనే చాలామంది ఆశ. నా ఆశ కూడా కొంత అదే.

"నేనింక మొయ్యను" అంది ఖేమ. "ఎప్పటికీ అని కూడా చెప్పను. ఇప్పుడైతే మొయ్యను. మధ్యాహ్నం అయితే చాలు నాకు భయమేస్తంది."

భంతే చెప్పగా కొత్త కట్టుబాటు చేశాం. బతికున్న మనిషి, మెలకువగా, పెట్టె ముందు కూర్చుని, ఏ రోజుకారోజు అంటేనే ఇచ్చినట్టు. వద్దంటే వద్దు, ఎందుకని ఎవరూ అడగకూడదు. చేతులెత్తమంటే ఎత్తారు. రాహేలమ్మ చెయ్యి లేవకపోతే ఖేమ ఎత్తి పట్టుకుంది.

సోమవారం

బల్ల ఖాళీ. కట్టుబాటుకు చేతులెత్తినవాళ్ళలో ఒక్కరూ రాలేదు.

రాహేలమ్మ పొద్దుటినుంచీ అరుస్తోంది. ఆ అరుపు పాచి మళ్ళదాకా పోతుంది. ఖేమ కోత ముగించుకుని ఇటుగానే వెళ్ళింది. నన్ను చూసి ఆగి, "రెండ్రోజులుగా మధ్యాహ్నం నిద్రపట్టిందక్కా" అంది. లోపలి అరుపు వింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంటివైపు నడిచింది. దారిలో ఇద్దరు ఆడవాళ్ళు ఆమెను గుచ్చిగుచ్చి చూస్తుంటే, "మీకేం పనిలేదటే?" అని అరిచాను.

గది చూసుకునేవాళ్ళకు మోత మినహాయింపు. అందరికీ కుట్టినట్టే నాకూ పదహారో ఏట పూస కుట్టారు గానీ ఎన్నడూ వాడలేదు. కుర్చీలో కూర్చున్నాను. రాహేలమ్మ కళ్ళలోకి చూసి, "ఇస్తున్నాను" అన్నాను.

"పుచ్చుకుంటున్నాను" అంది.

తర్వాత వచ్చినదాన్ని రాయడానికి నా దగ్గర మాటల్లేవు. నోరుందని ఇన్నాళ్ళూ గర్వపడ్డాను. ఇంతా? ఇంత నొప్పా? నేను పట్టీలు కట్టి, మిరియాల కషాయం తాగమని పంపించింది దీన్ని మోసిన పిల్లనా? ఇంట్లో, ఒంటరిగా, చావుజబ్బనుకుంటూ మూడు నెలలు మోసింది దీన్నా? అన్నం ఉడికేంతసేపు కూడా ఆగలేకపోయాను. చాలు, చాలు అని కేకలేశాను. కుర్చీలోంచి జారి నేల మీద పడ్డాను.

కళ్ళు తెరిచేసరికి సీమోను తలుపు దగ్గర ఉన్నాడు.

"రారా" అన్నాను. "నీ తల్లి. నీ వంతు. కూర్చో."

కుర్చీదాకా వచ్చాడు. దాని చెయ్యి మీద చెయ్యి పెట్టాడు. నన్నూ, నేల మీద నా చెమటనూ చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"వద్దక్కా" అన్నాడు. "నావల్ల కాదు. నాకు భయం."

ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు బలం, లేచి చెయ్యెత్తాను. ఖేమ గొంతు ఎత్తుకుపోయి రోజూ పెట్టెకు వినిపించిన మనిషి, తన గొంతు మాత్రం ఇవ్వనంటాడా! వాడి చెంప పగలాల్సిందే.

"దీవెనా, దించు ఆ చెయ్యి."

రాహేలమ్మ. నొప్పి మళ్ళీ ఆమెలోకి వస్తోంది, మంచంపట్టె పట్టుకున్న వేళ్ళు తెల్లబడుతున్నాయి. ఒక్కొక్క మాటా కూడదీసుకుని అంది.

"వద్దన్నాడుగా. ఎందుకని అడగొద్దు. వాణ్ణి పోనీ."

నా చెయ్యి దిగింది. సీమోను పోలేదు. తల్లి మంచం కింద నేల మీద కూలబడి, రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. రాహేలమ్మ అరవడం మొదలుపెట్టింది. నేను గోడ పట్టుకుని నడిచి, వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను.